లోపలి యంత్రానికి కాపలా

ఫడతరే తడిగుడ్డతో కీబోర్డు సందులు తుడిచి, కంప్యూటరు వెనక చెయ్యి పెట్టి నెట్‌వర్కు వైరు ఊడదీశాడు. తాస్‌గావ్ మట్టి పరీక్షశాలలో ప్రతి సోమవారం అతని మొదటి పని ఇదే. పొట్టి మనిషి. మోచేతుల దగ్గర చొక్కా అరిగి మెరుస్తోంది. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో ప్రింటరు కింద నలిగి నల్లగానే ఉండిపోయింది.

ద్రాక్షతోటల మట్టి ఫలితాలు తీసే సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లోనే నడుస్తుంది. అందుకని కొత్త కంప్యూటరు లోపల, తెర మీద ఒక గడిలో, ఆ పాత కంప్యూటరును ఉత్తుత్తి యంత్రంగా బతికిస్తున్నారు.

"మీ ఇల్లరికపు అల్లుడు లేచాడా కాకా?" కౌంటరు దగ్గర నుంచి ఉజ్జ్వల అడిగింది.

"లేచాడు. వాడి మందు వాడికి విడిగా వెయ్యాలిగా. అత్తగారు మింగితే అల్లుడి జ్వరం తగ్గదు."

ఆ యంత్రం మొరాయిస్తే, దాచి ఉంచిన పాత మంచి స్థితికి వెనక్కి తిప్పుతారు. అప్పుడు లోపలి వైరస్ కాపలా కూడా ఆనాటి జ్ఞాపకంలోకే పోతుంది; తర్వాత పుట్టిన దొంగల ముఖాలు దానికి తెలియవు. ముందు వైరు తియ్యాలి, వెనక్కి తిప్పాలి, మందు, అంటే కొత్త వైరస్‌ల జాబితా, ఎక్కించాలి, ఆ తర్వాతే వైరు పెట్టాలి. పోయిన ఆషాఢంలో అధికారి సర్‌నాయిక్ తొందరపడి, ఫడతరే పేరుతో తెరిచి, వైరు ఉండగానే వెనక్కి తిప్పాడు. వైరస్ దూరి నలభై రోజుల ఫలితాలు పోయాయి. మెమో ఫడతరేకు వచ్చింది. ముప్పైనాలుగేళ్ల సర్వీసు పుస్తకంలో ‘నిర్లక్ష్యం’ అన్న ఒక్క మాట. ఏడాదిగా జొన్న భాకరీతోపాటు ఆ మాటనూ నములుతున్నాడు. ఇవాళ ఉద్యోగంలో అతని ఆఖరి రోజు.

పొద్దున మందు వేసి వైరు మళ్లీ పెట్టేశాడు. పదకొండున్నరకు, పుణె నుంచి తనిఖీకి వచ్చిన దేశ్‌కర్ మేడమ్ చూస్తుండగా, ఆ గడి బిగుసుకుపోయింది.

"వెనక్కి తిప్పు, త్వరగా!" అన్నాడు సర్‌నాయిక్.

"వైరు తీసి, తిప్పి, మందు వెయ్యాలంటే అరగంట పడుతుంది సాహెబ్."

"మెమో తిన్నా చాదస్తం పోలేదయ్యా నీకు! బయట కంప్యూటరుకి వైరస్ కాపలా ఉందిగా. లే, నేను చూసుకుంటా."

ఫడతరే లేచి కుర్చీ తుడిచాడు. "అలాగే. మీ పేరుతో తెరవండి సాహెబ్. నా పేరు ఇవాళే మూసేశారు." ఇంకోసారి హెచ్చరించవచ్చు. నాలుక కదపలేదు. శనివారమే ఫలితాలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి ఉజ్జ్వల చేతికిచ్చాడు. రైతుల మట్టి మీద అతనికి పగ లేదు.

ఆరు నిమిషాలకు లోపలి యంత్రంలో ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే పిచ్చి అక్షరాలయ్యాయి. యంత్రాన్ని ఎవరు ఎప్పుడు తిప్పారో చెప్పే నమోదును మేడమ్ తెరిపించి చదివింది: సర్‌నాయిక్, పదకొండు నలభైరెండు.

"పోయినేడూ ఇలాగేనా?"

"ఇలాగే మేడమ్. కుర్చీ కూడా ఇదే," అంది ఉజ్జ్వల.

మేడమ్ పాత మెమో ఫైలు తెప్పించుకుంది. ఫడతరే కిటికీ దగ్గర కూర్చుని, సర్‌నాయిక్ సంజాయిషీ రాస్తున్నంతసేపూ అతన్నే చూస్తూ, భాకరీని శనగపిండి పిఠలాలో అద్దుకుని ఒక్కో ముక్కా నింపాదిగా తిన్నాడు. చాలా కాలానికి ఉప్పు సరిపోయిందనిపించింది.

ఐదింటికి సన్మానానికి పిలవబోతే అతను లేడు. సర్‌నాయిక్ చేతుల మీదుగా కప్పాల్సిన శాలువా మడత విప్పకుండా బల్లమీదే ఉంది. దానిమీద, పసుపు రాసిన కొబ్బరికాయ.