రోడ్డు వైపు గది

హోటల్ వెతకమని నాకు చెప్పేటప్పుడు మా పెద్దత్త తలుపు వేసి మరీ చెప్పింది. కట్టింగ్ బల్ల మీది గుడ్డంతా పక్కకి తోసి, నా ఫోన్ అక్కడ పెట్టించి, "ఆ ఊళ్ళో అన్నిటికన్నా దిక్కుమాలిన హోటలేదో చూడు" అంది.

"దిక్కుమాలినదా?"

"చెవుడా నీకు? రాత్రి కంటి మీద కునుకు పడకూడదు. పొద్దున్న లేచేసరికి ఈ ఊరికో దండం, మళ్ళీ ఇటు రాను అనిపించాలి."

"అందులో నేను కూడా ఉంటాను కదత్తా?"

"నీకేం, ఎక్కడైనా నిద్ర పడుతుంది. మొన్న బల్ల కింద కూడా పడుకున్నావు."

అది నిజమే కాబట్టి నోరు మూసుకున్నాను.

పెద్దత్త, చిన్నత్త మా నాన్నకి అక్కలు. ఇంటి ముందుగదే కొట్టు. బడిపిల్లల యూనిఫారాలు కుడతాం. పెద్దత్త కత్తిరిస్తుంది, చిన్నత్త కుడుతుంది, నేను కొలతలు తీసుకుని బిల్లులు రాస్తాను. కాజాలూ గుండీలూ చూసే ఆవిడని కాజాలక్క అంటాం, ఇస్త్రీ చేసే ఆవిడ ఇస్త్రీ పిన్ని. బళ్ళు తెరిచాక మాకు పని పల్చబడుతుంది. అప్పుడు అయిదుగురం కలిసి నగరానికి వెళ్ళొద్దామని తేలింది. తేల్చింది పెద్దత్తే. మా ఇంట్లో ఇంకెవరూ ఏదీ తేల్చరు.

అసలు సంగతి వేరే ఉంది. ఆ నగరంలో ఆసుపత్రులకి దుప్పట్లూ గౌన్లూ కుట్టే ఫ్యాక్టరీ వాళ్ళు చిన్నత్తని సూపర్‌వైజర్‌గా రమ్మన్నారు. చిన్నత్త నోట్లో నాలుక లేని మనిషి. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "ఊరు చూసి చెప్తాను" అంది. మామయ్య పోయాక ఆవిడని తెచ్చి తన పక్క గదిలో పెట్టుకున్న పెద్దత్తకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

"వద్దని చెప్పెయ్యొచ్చు కదా" అన్నాను.

"నేను వద్దంటే మానేస్తుంది. అక్క కాళ్ళకి అడ్డం పడిందని రేపు పదిమందీ అంటారు. నేనేం అనను. దానికే ఆ ఊరు నచ్చకూడదు." గొంతు తగ్గించింది. "అది లేకపోతే నాకు పొద్దుపోదే."

రెండో మాట ముందే చెప్పి ఉంటే నేను ఇంత వాదించేదాన్ని కాదు.

వెతుకులాట మొదలైంది. లోకంలో అందరూ బాగుందన్న మాటలు చదివి హోటల్ ఎంచుకుంటారు. మేం తిట్లు చదివి ఎంచుకున్నాం. ఒక హోటల్లో గదులు కంపు కొడుతున్నాయని ఎవరో శాపనార్థాలు పెట్టారు. "వద్దు, ఇస్త్రీ పిన్నికి ఆయాసం" అంది పెద్దత్త. ఇంకోచోట నల్లులు. "ఓసి నీ దుంప తెగ! నల్లులు బట్టల్లోకి ఎక్కి ఇంటికొస్తే, కొట్టు మూసుకోవాల్సిందే." మరోచోట సామాన్లు పోయాయట. అదీ వద్దు. గది శుభ్రంగా ఉండాలి, మనుషులు మర్యాదగా ఉండాలి, భయం ఉండకూడదు, కానీ హోటల్ మాత్రం దిక్కుమాలినదై ఉండాలి. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి దొరికింది. నగరానికి ఆ చివర, సిటీ బస్సుల డిపో గోడని ఆనుకుని. గదులు అద్దంలా ఉన్నాయి, మనుషులు మంచివాళ్ళు, కానీ నిద్రపోయేవాళ్ళెవరూ ఇక్కడ దిగొద్దు అని రాసి ఉంది. బస్సులు రాత్రంతా వస్తూ పోతూ ఉంటాయట. కింద టైర్లు బాగుచేసే కొట్టు, దాని పక్కన టీ కొట్టు, ఎదురుగా ఇనుప చువ్వలు దింపే గోడౌను. పెద్దత్త మొహం వెలిగిపోయింది.

"రోడ్డు వైపు గది అడుగు."

ఫోన్ ఎత్తినాయన ఆశ్చర్యపోయాడు. "వెనక గదులు ఖాళీగా ఉన్నాయమ్మా. రోడ్డు వైపు గదులు ఎవరూ కోరి తీసుకోరు."

"మేం తీసుకుంటాం" అన్నాను. మనసులో అత్తని తిట్టుకున్నాను.

మర్నాడు పెద్దత్త కొట్లో అందరికీ చెప్పింది. కాజాలక్కకి పార్కు పక్క హోటల్ మీద మనసుంది, వాళ్ళ మరిది అక్కడ దిగాడట. పెద్దత్త టేపు మెళ్ళో వేసుకుని ఉపన్యాసం ఇచ్చింది. పార్కు పక్కనుంటే ఎక్కడికి పోవాలన్నా బండి మాట్లాడుకోవాలి. డిపో పక్కనుంటే సముద్రానికీ, జూకీ, బట్టల బజారుకీ బస్సు మన గుమ్మం ముందే బయల్దేరుతుంది, ఖాళీ సీట్లు మనవే. వింటుంటే నాకే నిజమనిపించింది. తర్వాత చూస్తే నిజమే కూడా.

"అక్క చూసిందంటే బాగానే ఉంటుంది" అంది చిన్నత్త, మిషన్ మీంచి తల ఎత్తకుండానే. నేను బిల్లు పుస్తకంలోకి మొహం దించుకున్నాను.

ఇక్కడ మా ఇంటి గురించి ఒకటి చెప్పాలి. చిన్నత్త వచ్చినప్పటినుంచీ మా ఇంట్లో చప్పుడు నిషేధం. దానికి విశ్రాంతి కావాలి, మనసు కుదుటపడాలి అని పెద్దత్త శాసనం. రేడియో అటకెక్కింది. రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు కడగకూడదు, పొద్దున్నే కడుక్కోవాలి. మా నాన్న మెట్లెక్కేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుంటాడు. దగ్గొస్తే తలగడలో దగ్గాలి. అంత నిశ్శబ్దంలో బతికిన మనిషిని తీసుకెళ్ళి డిపో గోడ పక్కన పడుకోబెడితే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

హోటల్లో దిగాం. కాజాలక్కనీ ఇస్త్రీ పిన్నినీ వెనక గదిలో సర్దింది పెద్దత్త. "వాళ్ళేం పాపం చేశారు" అంది నా చెవిలో.

"మరి నేనేం చేశాను?"

"నా మేనకోడలిగా పుట్టావు."

రోడ్డు వైపు గదిలో మేం ముగ్గురం. కిటికీ తెరిస్తే బస్సు పైకప్పు చేతికందేలా ఉంది. కింద ఎవడో టైరు రిమ్ముని సుత్తితో బాదుతున్నాడు. చిన్నత్త కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఆ రోజంతా తిరిగాం. పెద్దత్త ఆ ఊళ్ళో వంకలు వెతకని చోటు లేదు. నీళ్ళు చప్పన, దుమ్ము, జనం, సముద్రం కూడా మురికిగా ఉందట. "ఇలాంటి ఊళ్ళో మనుషులెలా ఉంటారో" అని దారి పొడవునా అంటూనే ఉంది. చిన్నత్త "ఊఁ" అని ఊరుకుంది. ఫ్యాక్టరీ ఉన్న వీధి మీంచి బస్సు వెళ్ళినప్పుడు మాత్రం కిటికీలోంచి మెడ చాచి చూసింది. పెద్దత్త అది చూసి, ఆ తర్వాత వంకలు చెప్పడం ఇంకా ఎక్కువ చేసింది.

ఆ రాత్రి గురించి చెప్పడానికి ఏమీ లేదు, బల్ల కింద కూడా నిద్రపోగల నాకే నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి పెద్దత్త మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా వాచిపోయాయి, జుట్టు రేగిపోయింది, మొహంలో మాత్రం గెలుపు.

"చచ్చిపోయాననుకో" అంది నాతో. "ఇంక ఇది ఈ ఊరి పేరెత్తదు."

ఇద్దరం చిన్నత్త వైపు చూశాం. గోడ వైపు కాదు, కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. టీ వచ్చింది. కదల్లేదు. కింద ఇనుప చువ్వలు ధనధనా పడ్డాయి. కదల్లేదు. చిన్నత్త మా కన్నా ఆలస్యంగా లేవడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పెద్దత్త మొహంలో గెలుపు పోయింది. గబుక్కున లేచి వెళ్ళి వంగి చూసింది. భుజం పట్టుకుని కుదిపింది.

"ఏమేవ్! ఒంట్లో బాగాలేదా?"

చిన్నత్త కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, లేచి కూర్చుంది. బుగ్గ మీద తలగడ ముడత పడి ఉంది. "బాగానే ఉందక్కా. నిద్రపోయాను."

"నిద్రా? ఇక్కడా?"

"ఎంత మంచి చోటు చూశావక్కా."

పెద్దత్తకి అది వెటకారమో కాదో అర్థం కాలేదు. చిన్నత్తకి వెటకారం రాదు. అందుకే పెద్దత్త మంచం అంచున కూలబడింది.

చిన్నత్త టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, ఇన్నేళ్ళలో నేను వినని అన్ని మాటలు ఒక్కసారే చెప్పింది.

"ఆయన పోయినప్పుడు అందరూ అన్నారు కదా, అదృష్టవంతుడు, నిద్రలో ప్రశాంతంగా పోయాడని. నా పక్కనే పోయాడు. పిల్లి నడిచినా లేచేదాన్ని, నాకేం వినపడలేదు. తెల్లారి టీకి లేపితే లేవలేదు. అప్పట్నుంచీ ఇల్లు సద్దుమణిగితే నాకు కాళ్ళూ చేతులూ చల్లబడిపోతాయి. చెవులు రిక్కించుకుని పడుకుంటా. నీ గురక వినపడితే సరే. వినపడకపోతే లేచొచ్చి నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్తా."

"రోజూనా?" అంది పెద్దత్త.

"రోజూ. నిన్న రాత్రి కింద ఎవరో ఇద్దరు బస్సుకి అడ్డంగా నిలబడి తిట్టుకున్నారు. మొదలు ఎవరిది తప్పో విందామనుకున్నా. వినేలోపే నిద్రపట్టేసింది."

"నాతో ఒక్క మాట అనొచ్చు కదే!"

"ఏమనను? నా కోసమని ఇంటిల్లిపాదీ కాలివేళ్ళ మీద నడుస్తున్నారు. తమ్ముడు దగ్గు కూడా మింగుతున్నాడు. అంత చేస్తుంటే, నాకు చప్పుడు కావాలని ఏ మొహం పెట్టుకుని అడగను?"

అన్నేళ్ళు పక్క గదిలో ఒక మనిషి భయపడుతూ పడుకుంటే, మేం అందరం కష్టపడి ఆ భయాన్ని పెంచి పోషించాం.

పెద్దత్త మాత్రం ఊరుకునే రకం కాదు. "అదెంత పని? ఇంటికి పద. రేడియో దింపుతా. రాత్రంతా మిషన్లు తొక్కిస్తా. దీని చేత పాటలు పాడిస్తా." దీని అంటే నన్ను.

చిన్నత్త నవ్వింది. "నా కోసం మీరు చేసే చప్పుడు నాకు నిద్ర తెప్పించదక్కా. మీరు మేలుకుని ఉన్నారని నేనూ మేలుకుంటా. ఇక్కడ వీళ్ళెవరికీ నేనున్నానని కూడా తెలీదు. వాళ్ళ పాటికి వాళ్ళు బతుకుతున్నారు. అది వింటుంటే నాకు బాగుంది." గ్లాసు కింద పెట్టింది. "ఆ ఉద్యోగానికి వెళ్దామనుకుంటున్నా. నువ్వు వద్దంటే మానేస్తా. ఒట్టు."

పెద్దత్త ఏ మాట రాకూడదనుకుందో ఆ మాట వచ్చేసింది. వద్దు అని రెండక్షరాలు అంటే చాలు, చిన్నత్త ఇంటికొచ్చేస్తుంది. నేను పెద్దత్త నోటి వంకే చూస్తున్నాను. కింద టైర్ల కొట్టు తలుపు పెద్ద చప్పుడుతో పైకి లేచింది. ఆవిడ చల్లారిన టీ గడగడా తాగేసి, జుట్టు ముడివేసుకుని, "చెప్పులేసుకోండి ఇద్దరూ" అంది.

హోటల్ మేనేజర్‌ని అడిగి అద్దె గదుల వివరాలు తీసుకుంది. ఆ రోజు చూడాల్సిన జూకి కాజాలక్కా వాళ్ళని పంపేసి, మేం ముగ్గురం డిపో చుట్టూ తిరిగాం. మొదటి ఇల్లు సందు లోపల, వెనక వాటా. ఇంటావిడ గొప్పగా చెప్పింది, "రోడ్డు గొడవ ఇక్కడికి రాదమ్మా. చీమ చిటుక్కుమంటే వినపడుతుంది, అంత ప్రశాంతం."

"అయితే మాకొద్దు" అని పెద్దత్త బయటికి వచ్చేసింది. పాపం ఆ ఇంటావిడ గుమ్మంలో నిలబడి మేం మలుపు తిరిగేదాకా చూసింది.

రెండోది రోడ్డు మీదే, టైర్ల కొట్టు పైన. ఒక గది, వంటకి చిన్న చోటు, డిపో వైపు కిటికీ. పెద్దత్త నేల చూసింది, కుళాయి తిప్పింది, తలుపు గడియ రెండుసార్లు వేసి తీసింది. తర్వాత కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు విన్నది. ఇంటాయన ముసలాయన, మొహమాటస్తుడు. ఆవిడకి చిరాగ్గా ఉందనుకుని, "కొంచెం చప్పుడుంటుందమ్మా, అబద్ధం చెప్పను" అన్నాడు.

"రాత్రిళ్ళు ఉంటుందా?"

"ఉంటుంది."

"తెల్లవార్లూనా?"

"తెల్లవార్లూ. ఆదివారం రాత్రి మాత్రం కాస్త తగ్గుతుంది. కొట్లు మూసేస్తారు, బస్సులు కూడా తక్కువ."

పెద్దత్త చిన్నత్త వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. మా పెద్దత్త ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, ఆవిడకి ఏడవడం సరిగ్గా చేతకాదు కూడా, కోపంగా ఉన్నట్టే ఉంది.

"ఆదివారం తగ్గుతుందటే" అంది. "వారం వారం సాయంత్రం బస్సుకి నేనొస్తాలే. ఇక్కడే పడుకుని సోమవారం పొద్దున్నే వెళ్ళిపోతా."