నోరు లేని బాతులు

ఈ గొడవంతా మా ఇంటి వెనకున్న కాస్త జాగా కోసమే. మా ఆయన షాలేమ్‌రాజు అక్కడ సిమెంటు చేయించి కారు పెట్టాలంటాడు. కారు ఇంకా కొనలేదు, సిమెంటు బస్తాలు మాత్రం వచ్చి వరండాలో కూర్చున్నాయి. నేనేమో అక్కడ బాతులు పెంచుకోవాలని. పెళ్లయ్యాక ఈ ఇంట్లో నాదంటూ ఒక్క పనీ మిగల్లేదు. కుట్టుమిషను కూడా ఆడపడుచు పట్టుకుపోయింది. ఆ జాగా కూడా పోతే ఇక నాకు వంటింటి గోడలే గతి.

పోరగా పోరగా ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద.

"ఈస్టర్ నాటికి గుడ్లు పెట్టాలె. పెట్టకుంటే బాతులు కూరకు, జాగా కారుకు."

వరికోతలైపోయి బూర్గంపాడు పొలాల్లోకి బాతుల మందలు దిగాయి. రాలిన గింజలు మేపుకుంటూ కోస్తా నుంచి ఏటా వస్తారు వాటి కాపరులు. ఈయన అప్పటికే ఫోన్‌లో వీడియోలు చూసి బాతుల పండితుడై ఉన్నాడు. ఇద్దరం ఒక మంద దగ్గరికి వెళ్లాం.

"మెడ పొడుగు హంసబాతులు కూడా ఒక జత తీసుకుందామండి. పామో పురుగో వస్తే అరుస్తాయంట," అన్నాను.

"కాపలాకు నువ్వున్నవ్ కదా స్తుతీ."

మంద కాసే పెద్దాయన కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నా గొంతు పెద్దదే, కాదనను. చర్చిలో పాట ఎత్తుకుంటే మైకు దండగ. పెళ్లిచూపుల్లోనే మా అత్త "పిల్ల మంచిగుంది, నోరే జర..." అని ఆగిందట. అప్పట్నుంచి ఈ ఇంట్లో నేను విన్నన్నిసార్లు 'జర మెల్లగ' అనే మాట ఇంకెవరూ విని ఉండరు.

బాతులను మా ఆయనే ఏరాడు. పట్టుకోగానే గోల చేసిన ప్రతిదాన్నీ వదిలేశాడు. చేతిలో బుద్ధిగా కూర్చుని, గొంతులోనే బొంగురుగా గొణిగినవాటిని గంపలో వేశాడు.

"కొత్తగ పెంచేటోళ్లు నెమ్మదైనవి తీసుకోవాలని వీడియోల చెప్పిండు. ఆడదన్నాక గిట్ల ఉండాలె. తోక మీద ఈక చూడు, ఎంత ముద్దుగ మెలి తిరిగిందో. జడ లెక్క లేదూ?"

"మీ ఎంపికకు తిరుగులేదు సారూ," అంటూ పెద్దాయన తనే ఇంకా వెతికి అలాంటివే అందించాడు. ఆ ఉత్సాహం చూసైనా నాకు అనుమానం రావాల్సింది. వస్తేగా! ఉక్రోషం కొద్దీ, ఊరు లేచిపోయేలా అరుస్తున్నదాన్ని ఒకదాన్ని ఎత్తి గంపలో పడేశాను. దాని తోకకు జడా లేదు, గిడా లేదు.

అది నాలుగు రోజులు ఉందేమో. "దీని నోటికి నిద్ర పడ్తలేదు," అని ఆయన నేను చర్చికెళ్లిన పూట పక్కింటి సుబ్బరత్నం అక్కకు ఇచ్చేశాడు. వచ్చి చూసి ఏడ్చాను. బాతు కోసమే అయితే అంత ఏడుపు రాదు.

మిగిలినవి మాత్రం బంగారాలు. తిన్నాయి, తొట్టిలో మునిగాయి, మెలితిరిగిన ఈకలు ఆరబెట్టుకున్నాయి. గుడ్డు మాట లేదు. ఊకలో చెయ్యి పెట్టి వెతికి వెతికి నా గోళ్లు అరిగిపోయాయి. ఈస్టర్ దగ్గరపడేసరికి ఆయన మేస్త్రీతో మాట్లాడి వచ్చాడు. "బాధపడకు. ఎవరి రాత వాళ్లది," అని నన్ను ఓదార్చాడు కూడా.

ఈస్టర్ రోజు ఆరాధన అయి వచ్చేసరికి సుబ్బరత్నం అక్క గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. "మీ పండుగ కదా అని గుడ్ల పులుసు తెచ్చిన," అంది. ఆయన కూర్చుని రెండు గుడ్లు తిన్నాడు. "గుడ్లు గింత పెద్దగున్నయేంది అక్కా?" అన్నాడు వేళ్లు నాకుతూ.

"మీ బాతువే కదయ్యా. రోజూ పెడ్తది. పెట్టి వాడంతా వినేటట్టు అరుస్తది."

ఆయన నమిలేది ఆపి ఫోన్ తీశాడు. కాసేపు చూసి బోర్లా పెట్టేశాడు. నేను లాక్కుని చదివాను, నా గొంతుతోనే చదివాను: బాతుల్లో గట్టిగా అరిచేది ఆడది. మగదానిది బొంగురు గొణుగుడే. తోక మీద మెలి తిరిగిన ఈక మగదాని గుర్తు.

"మీరన్నట్టే గానీ. గుడ్డు పెట్టనివి కూరకు. కత్తి తేనా?" అన్నాను.

ఆయన పెరట్లోకి చూశాడు. అవి ఆయన్ను చూసి బొంగురుగా గొణిగాయి.

"పాపం, నోరు లేని జీవాలు. ఎట్ల కోస్తం?"

నోరు లేనివాటి మీద ఎంత జాలి! నేను నేరుగా సుబ్బరత్నం అక్క పెరట్లోకి వెళ్లి, ఆమెను అడిగి నా బాతును ఎత్తుకున్నాను. అది వాడ దద్దరిల్లేలా అరిచింది. జనం బయటికొచ్చి చూశారు. ఆయన మా గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"స్తుతీ, జర మెల్ల..."

"ఆ సిమెంటుతో దీనికి ఈతతొట్టి కట్టించండి," అన్నాను, పాట ఎత్తుకునే గొంతుతో. బాతు ఇంకా అరుస్తూనే ఉంది.

ఆయన గేటు రెండు రెక్కలూ తెరిచాడు.