ఐలన్న జాగీరులో పులి

భాగ్యకు భయపడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. కూతురు స్వీటీ కాలేజీ నుంచి వచ్చే బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, బస్సు లోయలో పడిందనుకునేది. జిమల్‌గట్ట దారిలో లోయే లేదని భర్త సుధాకర్ ఎన్నిసార్లు చెప్పినా, "లోయ లేకుంటె వాగు లేదా?" అనేది. అలాంటి మనిషికి ఆ సోమవారం నిజంగా భయపడాల్సిన పని ఒకటి వచ్చిపడింది.

అడవి అంచున వాళ్లకున్న మూడెకరాల చేనుకు పట్టా లేదు. మూడు తరాలుగా దున్నుకుంటున్నారు, అంతే. వన హక్కు కింద పట్టా ఇమ్మని పోయిన ఏడాది అర్జీ పెట్టుకుంటే, గురువారం ఊరి భూముల లెక్కలు చూసే తలాఠీ మేడం, అటవీ శాఖ బీట్ గార్డు, గ్రామ సమితివాళ్లు వచ్చి పంచనామా చేస్తారని ఇప్పటికి కబురు వచ్చింది. ఆ భూమిని మొదట ఎవరు సాగు చేశారో, ఆయన ఎక్కడివాడో, తర్వాత ఎవరి చేతికి వచ్చిందో కుటుంబ చరిత్ర రాసి ఇవ్వాలట. అది నిజమేనని ఇంటివాడు కాని పెద్దమనిషి ఒకరు సాక్ష్యం చెప్పాలట. ఈ రెండూ కుదరకపోతే మూడెకరాలూ అడవిలో కలిసిపోతాయి.

చరిత్ర చెప్పేవాడికి ఆ ఇంట్లో కొదవ లేదు. భాగ్య మామ నర్సన్నకు ఎనభై దాటాయి. ఆ మూడెకరాలను ఆయన ఎన్నడూ చేను అనలేదు. "మా తాత ఐలన్న జాగీరు" అంటాడు. సోమవారం పొద్దున్నే తువ్వాల దులిపి భుజాన వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఎదురుగా స్వీటీ నోటుబుక్కు తెరిచింది. భాగ్య పక్కనే చిక్కుడుకాయలు తుంచుతోంది.

"రాయి బిడ్డా. మా తాత ఐలన్న ఆవలి ఒడ్డుల కూలి చేసుకునేటోడు. ఒక గొడ్డలి, ఒక ఎద్దు తీసుకొని ప్రాణహిత దాటిండు. ఇరవై టేకు చెట్లు ఒక్క పొద్దుల నరికిండు. అప్పుడొచ్చింది పులి. ఆరు గజాల పులి."

"పోయినేడు ఐదు గజాలే అన్నవ్ తాతా."

"పోయినేడు తోక కలపలే. రాయి. గొడ్డలితోని ఒక్కటే ఏటు. తలకాయ గీడ పడ్డది, పెయ్యి గాడ పడ్డది."

భాగ్య చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఆగింది.

"స్వీటీ, పెన్ను పక్కకు పెట్టు. మామా, గది కేసు."

"ఏం కేసు?"

"పులిని చంపిన కేసు. మొన్న ఫోన్ల చూడలేదా? ఉత్త గోరు దొరికితెనే ముగ్గురిని జైళ్లేసిండ్రు. నువ్వేమో సంతకం పెట్టి మరీ రాసిస్తున్నవ్. అదీ ఫారెస్టోళ్లకే."

"చంపినోడు పోయి డెబ్బై ఏండ్లాయె కోడలా."

"ఆయన దొరకకుంటె మనుమన్ని పట్టుకపోతరు. ముసలోడని నిన్ను ఇడిసిపెడితె నీ కొడుకును పట్టుకపోతరు. ఇగ నేనెట్ల? ఈ పిల్ల చదువెట్ల?"

స్వీటీకి నవ్వు ఆగలేదు. "అయితె పులిని తీసేసి ఎలుగుబంటిని పెడదామా?"

"దానికీ కేసే."

"అడవి పంది?"

"దానికి గూడ."

"కుందేలు?"

నర్సన్న లేచి నిలబడ్డాడు. "ప్రాణహిత దాటొచ్చిన జాగీర్దారు, గొడ్డలెత్తి కుందేలును కొట్టిండని రాస్తరా? పులినే తీసెయ్యుండ్రి. ఉత్తగనే ఉండనియ్యి."

అలా పులి పోయింది. పులి పోయాక భాగ్య చూపు టేకు చెట్ల మీద పడింది. ఇరవై టేకు చెట్లంటే లారీ పట్టుకున్నంత కేసు. చెట్లు పోయాక గొడ్డలి ఎందుకు, అదీ పోయింది. మిగిలింది నది. భాగ్య చదివింది ఏడో తరగతే అయినా చదివింది మరిచిపోలేదు. "అప్పుడు ఆవల నిజాం రాజ్యం, ఈవల ఇంగ్లీషోళ్ల రాజ్యం. ఏ కాగితం చూపిచ్చి నది దాటిండని అడిగితె ఏం చెప్తం?"

మధ్యాహ్నానికల్లా చరిత్ర నాలుగు ముక్కలకు వచ్చింది. ఐలన్న వచ్చాడు. చేను చేశాడు. తర్వాత ఆయన కొడుకు చేశాడు. తర్వాత నర్సన్న చేస్తున్నాడు.

నర్సన్న ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. "గిది చరిత్ర గాదు. బస్టాండ్ల రాసిన బస్సుల టైము," అని సాయంత్రం చాయ్ కూడా ముట్టలేదు.

ఇక సాక్షి మిగిలాడు. సిరొంచలో ఉప్పు, పప్పుల దుకాణం నడిపే అబ్దుల్ ఖాదర్‌ది నర్సన్న ఈడే. రెండు ఇళ్ల మధ్య తాతల నాటి స్నేహం ఉంది, దానికో ఆనవాయితీ కూడా ఉంది. చేను నడుమ ఒక ఇప్ప చెట్టు, దాని మొదట్లో సిందూరం పూసిన రాయి. అది పులి రాయి. ఏటా తొలి దుక్కికి ముందు అక్కడ కొబ్బరికాయ కొడతారు. ఒక చిప్ప ఇంటికి వస్తుంది. రెండో చిప్ప సిరొంచ వెళ్లి ఖాదర్ దుకాణంలో ఇచ్చి రావాలి. వాళ్ల తాతను ఐలన్న పులి నోట్లోంచి కాపాడాడనీ, ఆ చిప్ప జాగీర్దారు పంపే ప్రసాదమనీ నర్సన్న చెప్పేవాడు. కాపాడినవాళ్లు కాపాడబడినవాళ్లకు కొబ్బరి మోయడమేమిటని ఆ ఇంట్లో ఎవరికీ ఎన్నడూ తోచలేదు.

మంగళవారం భాగ్య సిరొంచ బస్సెక్కింది.

"చాచా, గురువారం మీరు వచ్చి, మావోళ్లు మూడు తరాల నుంచి చేస్తున్నరని ఒక్క మాట చెప్పాలె. పులి ముచ్చట మాత్రం ఎత్తొద్దు."

పప్పు తూస్తున్న ఖాదర్ చెయ్యి ఆగిపోయింది. "పులి ముచ్చట నేనెందుకు ఎత్తుత బిడ్డా? మా దాదా, అంటె మా తాత, ఒట్టేసిండు. మీ ఇంటి పెద్దమనిషే చెప్పుమంటె తప్ప చెప్పొద్దని."

"ఏం చెప్పొద్దని?"

"చెప్తె ఒట్టు పోదా? పరేషాన్ కాకు. జర చాయ్ తాగి పో."

పరేషాన్ కావద్దని చెప్పించుకున్నాక భాగ్య పరేషాన్ కాకుండా ఎలా ఉంటుంది? ఒట్టు వేసి దాచాల్సినంత పని ఐలన్న ఏం చేసి ఉంటాడు? పులిని చంపితే ఊరంతా చెప్పుకుంటారు, దాచుకోరు. అంటే చంపింది పులిని కాదు, మనిషిని. రాయి కింద ఉన్నది వాడే. సమాధి మీద సిందూరం పూసి మూడు తరాలుగా కొబ్బరికాయ కొడుతున్నారు. బస్సు దిగేసరికి ఆ చచ్చినవాడి పెండ్లాం పిల్లలు, వాళ్ల ఏడుపు కూడా ఆమెకు కళ్లకు కట్టాయి.

బుధవారం ఎండ వేళ ఎవరూ చూడకుండా చేనుకు వెళ్లి, రాయి మీది సిందూరాన్ని కొబ్బరి పీచుతో రుద్దింది. వందేళ్ల సిందూరం, సగమే పోయింది. మిగిలిన సగం మీద సుధాకర్ పాత లుంగీ ఆరేసి వచ్చింది.

గురువారం పదింటికి అందరూ చేనుకు వచ్చారు. తలాఠీ మధులత మేడం అహేరి మనిషి, ఆఫీసులో మరాఠీ అయినా తెలుగు బాగానే మాట్లాడుతుంది. బీట్ గార్డు వెంకటేశ్వర్ కొలత మిషన్ పట్టుకుని చేను నాలుగు మూలలా తిరిగాడు. సమితివాళ్లు ఐదుగురు ఇప్ప చెట్టు నీడన చేరారు. తెల్ల టోపీ పెట్టుకుని ఖాదర్ వచ్చాడు. సుధాకర్ అందరికీ మంచినీళ్లు ఇచ్చాడు. నర్సన్న మాత్రం అందరికీ వీపు తిప్పి నిలబడ్డాడు.

మేడం కాగితం చదివింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"గింతేనా? ఐలన్న వచ్చిండు, చేసిండు, పోయిండు. గిట్లాంటి కాగితం ఎవలైనా రాస్తరు. చేన్ల పాత గుర్తు ఏదన్న ఉంటె చూపియ్యుండ్రి. లేకుంటె నేను నామంజూర్ అని రాయాల్సి వస్తది."

 అంతలో వెంకటేశ్వర్ రాయి మీది లుంగీ ఎత్తి చూశాడు.

"ఈ రాయి ఏంది?"

"బట్టలుతికే రాయి సార్," అంది భాగ్య.

వెంకటేశ్వర్ చుట్టూ చూశాడు. పత్తి చేను, ఎండు గట్లు, ఆ తర్వాత అడవి. "నీళ్లేడ ఉన్నయమ్మా?"

"తెచ్చుకుంటం సార్."

"రెండు కిలోమీటర్లు నీళ్లు మోసుకొచ్చి గీడ ఉతుకుతరా? మరి ఈ ఎర్రగున్నది?"

"రంగు పోయే లుంగీ సార్."

నర్సన్న తువ్వాల తీసి నేలకేసి కొట్టాడు. మూడు రోజులుగా దిగమింగిందంతా ఒక్కసారే బయటికొచ్చింది. "బట్టలుతికే రాయి గాదు. పులి రాయి. మా తాత పులిని నరికిన జాగ. రాసుకో మేడం. జైళ్ల పెడితె పెట్టుండ్రి. లుంగీలు ఆరేసుకునే రాయి అంటె నేను ఊకోను."

"సంపలేదు సార్," అంది భాగ్య చటుక్కున. "మా మామకు యాదిమరుపు. పులిని గాదు, మనిషిని అసలే గాదు."

"మనిషి ముచ్చట ఎవలెత్తిండ్రమ్మా?" అంది మేడం.

 సమితివాళ్లలో ఒకాయన దగ్గాడు. భాగ్యకు ఇక దారి కనపడలేదు. మాట్లాడితే జైలు, మాట్లాడకపోతే నామంజూర్. ఖాదర్ వైపు తిరిగి చేతులు జోడించింది.

"చాచా, నేనే అడుగుతున్న. ఆ పొద్దు ఏమైందో చెప్పు. ఏదైతె అదైంది."

ఖాదర్ నర్సన్నను చూశాడు. "చెప్పనా నర్సన్నా?"

"చెప్పు. మీ తాతను మా తాత ఎట్ల కాపాడిండో చెప్పు."

ఖాదర్ టోపీ సరిచేసుకున్నాడు. "మా దాదా ఉప్పు బండ్లు కట్టుకొని ఇటు ఊర్లకు పోయేటోడు. ఒకసారి గీ చెట్టు కాడికొచ్చేసరికి పైనుంచి ఏడుపు ఇనబడ్డదట. చూస్తె ఐలన్న. పులొచ్చి ఎద్దును తిన్నది, ఈయన చెట్టెక్కిండు. పులి ఆ రోజే పోయింది. ఈయన మాత్రం రెండు దినాలు దిగలే. మా దాదా దిగుమంటె, పులే మనిషి లెక్క మాట్లాడుతున్నదని ఇంకో కొమ్మ మీదికి ఎక్కిండట."

సమితివాళ్లు తలలు దించుకున్నారు. స్వీటీ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది.

"పులి ఉప్పు అమ్ముతదారా అని, మా దాదా మూట ఇప్పి ఉప్పు చూపిస్తె అప్పుడు దిగిండట. ఎద్దు పోయిన జాగల రాయి పాతి, మళ్లీ రాకు తల్లీ అని పులికి మొక్కిండు. ఈ ముచ్చట ఎవలకు చెప్పొద్దని మా దాదాతోని ఒట్టేయించుకున్నడు. బతికిచ్చినందుకు ఏటా కొట్టే కాయల సగం మా ఇంటికే అన్నడు. గా సగం ఇయ్యాల్టికీ వస్తున్నది. పోయినేడు ఈ బిడ్డే తెచ్చింది. నాకు ఎరుకైన కాడికెల్లి ఒక్క యేడు తప్పలే."

భాగ్య నేల మీద కూలబడింది. చచ్చింది పులి కాదు, మనిషి కాదు, ఒక్క ఎద్దు. అదీ సొంత ఎద్దు. సొంత ఎద్దును పులి తింటే ఎవరి మీదా కేసు ఉండదు. అయినా ఒకసారి వెంకటేశ్వర్‌ను అడిగి రూఢి చేసుకుంది.

వెంకటేశ్వర్ చెట్టు చుట్టూ తిరుగుతున్నాడు. "నూరేండ్లది ఉంటది. చేను నడుమ ఇంత నీడ పడుతున్నా కొట్టలేదు మేడం. రాయి, చెట్టు, మొక్కుబడి, బయటి పెద్దమనిషి సాక్ష్యం. ఇంకేం కావాలె?"

మధులత మేడం అప్పటికే రాస్తోంది. పులి వచ్చుట, ఎద్దు మరణించుట, ఐలన్న ఇప్ప చెట్టు ఎక్కుట. రాసి, చదివి వినిపించి, పెన్ను నర్సన్నకు చాపింది. "అర్జీదారు సంతకం."

నర్సన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మా తాత చెట్టెక్కలే."

"నాయినా, సంతకం లేకుంటె భూమి పోతది," అన్నాడు సుధాకర్.

"పోనీ. మా తాతను కోతిని చేసి నేను పట్టా తీసుకోను."

మేడం గడియారం చూసుకుంది. ఖాదర్ తప్పు తనదే అన్నట్టు చెప్పుల వైపు చూస్తున్నాడు. భాగ్య లేచి, కొంగుకంటిన మట్టి దులుపుకొని, మామ పక్కకు వెళ్లింది.

"మామా, ఆ పొద్దు ఆయన చెట్టెక్కక గొడ్డలెత్తి పులి మీదికి పోతె ఏమయ్యేది?"

"సంపేటోడు."

"లేకుంటె?"

నర్సన్న నేల మీది తువ్వాల తీసి దులిపాడు.

"అప్పటికి మీ నాయిన ఇంక పుట్టలే. ఆయన లేడు, నువ్వు లేవు, నీ కొడుకు లేడు. ఈ స్వీటీ లేదు. దినాం నన్ను పిరికిది, పిరికిది అంటవ్. మీ తాత భయపడ్డడు గనుకనే నువ్వు గీడ నిలబడి అంటున్నవ్."

నర్సన్న మెడ ఎత్తి ఇప్ప చెట్టును మొదలు నుంచి చివరిదాకా చూశాడు. 

"ఖాదర్, ఏ కొమ్మ మీద ఉన్నడట?"

"ఇంకో కొమ్మ మీదికి ఎక్కిండన్నరు. ఏదో చెప్పలే."

"మేడం, ఉత్తగ ఎక్కిండు అని రాయొద్దు. గా అన్నిటికన్న పై కొమ్మ ఎక్కిండని రాయాలె. రెండు దినాలు తిండి లేక, నీళ్లు లేక కూసున్నడని రాయాలె. గట్లయితె పెడత."

మధులత మేడం నవ్వకుండా పై కొమ్మ అని చేర్చింది. నర్సన్న సంతకం చేశాడు. ఖాదర్ కింద ఉర్దూలో చేశాడు. సమితివాళ్లు మంజూరుకు సిఫారసు రాసి అక్కడే ముద్ర వేశారు. దుక్కి కాలం కాకపోయినా భాగ్య రాయిని కడిగి, సిందూరం పూసి, కాయ కొట్టి, ఒక చిప్పను ఖాదర్ చేతిలో పెట్టింది. ఈసారి రెండు చేతులతో ఇచ్చింది.

ఆ రాత్రి ఆమె ఏ భయమూ లేకుండా పడుకుంది. పెళ్లయ్యాక అదే మొదటిసారి అని సుధాకర్ అన్నాడు.

తెల్లవారి చాయ్ పట్టుకుని అరుగు మీదికి వస్తే మామ లేడు. గోడకు ఆనించిన నిచ్చెన కూడా లేదు. చేను వైపు నుంచి స్వీటీ పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, తాత చెట్టు కాడున్నడు. పై కొమ్మ నలభై అడుగులుంటదా, యాభై ఉంటదా, సరిగ చూసి చెప్తడట. నన్ను నిచ్చెన పట్టుకొమ్మంటుండు."

భాగ్య చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా చేను వైపు పరుగెత్తింది.