పొట్టిక్క మధ్యలో ఆకుపచ్చ

ముప్పై తొమ్మిది.

షుగరు మీటరు మీద నమ్మకం కుదరక వాణి మరో వేలు గుచ్చింది. అదే అంకె. బల్ల మీద పడుకున్న బుజ్జమ్మ చెమటకి తడిసి ముద్దయిపోయింది. పక్కన నిలబడ్డ సొంత మొగుణ్ణి పట్టుకుని, మీరెవరండీ అని అడుగుతోంది. డాక్టరు మోహన్ గారు నరం దొరకబుచ్చుకుని గ్లూకోజు ఎక్కించారు. పది నిమిషాలకి ఆవిడ చూపు నిలిచింది.

"పొయ్యి కట్టేసేరా?" అంది మొగుడితో.

సత్యదుర్గారావు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అమలాపురంలోని ఆ క్లినిక్కులో నాలుగు నెలలుగా కొత్త షుగరు మాత్ర మీద పరీక్ష జరుగుతోంది. చేరినవాళ్ళ బాగోగులు చూసే నర్సు వాణి. మాత్ర ఏం చేస్తుందో ఆమె అందరికీ ఒకేలా చెప్పేది. ఒంట్లో చక్కెర ఎంతుందో కనిపెట్టే ఎంజైమ్ ఒకటుంది, దాని పేరు గ్లూకోకైనేజ్. కాలవ లాకుల దగ్గర లస్కరు లాంటిదన్నమాట. చక్కెర పెరిగితే తలుపు ఎత్తుతాడు, తగ్గితే దించేస్తాడు. షుగరు జబ్బు ఉన్నవాళ్ళలో ఆ లస్కరు కునుకు తీస్తుంటాడు. ఈ మాత్ర వాణ్ణి తట్టి లేపుతుంది.

పోయినేడు పుండు ముదిరి బుజ్జమ్మ ఎడమకాలి వేళ్ళు రెండు తీసేశారు. అప్పుడు సత్యదుర్గారావు కువైట్‌లో వంటమనిషి. ఆ కట్టుని ఫోనులో చూశాడు. నెల తిరక్కుండా ఉద్యోగం వదిలేసి ఉప్పలగుప్తం వచ్చేశాడు. ఆనాటి నుంచి ఆవిణ్ణి పొయ్యి దగ్గరకి రానివ్వలేదు. కొత్త మాత్ర మొదలెట్టాక మూడో వేలి దగ్గర మొండికేసిన పుండు మానింది.

ఇవాళ్టి దానికి మాత్రే కారణమని తేలితే బుజ్జమ్మ మాత్రల పెట్టె వెనక్కి ఇచ్చేసి పరీక్ష నుంచి తప్పుకోవాలి. ఇంకేదైనా కారణం దొరికితే ఆవిణ్ణి ఉంచమని కంపెనీని అడగొచ్చన్నారు డాక్టరుగారు. కబురు సాయంత్రం ఐదులోపు వెళ్ళాలి. కాగితం మీద కారణం అన్న గడి ఖాళీగా ఉంది.

గంట గడిచేసరికి అంకె మళ్ళీ యాభై ఎనిమిదికి జారింది. మరో సీసా పెట్టారు. వాణికి అక్కడే అనుమానం తగిలింది. చక్కెర తగ్గితే లస్కరు తలుపు దించేస్తాడు కదా. ఎంత లేపినా ఇంత కిందికి లాగడు. లోపల ఇంకేదో పనిచేస్తోంది.

షుగరు తగ్గుతుందని పొడపత్రి ఆకు తిన్నారా, ఉపవాసం ఉన్నారా, ఎవరైనా మాత్రలిచ్చారా అని వరసగా అడిగింది. బుజ్జమ్మ అన్నిటికీ లేదంది. షేకుకి వండినట్టు వండి పెడతారని, తినకపోతే అలుగుతారని మొగుణ్ణి ఆటపట్టించింది. ఆయన నవ్వలేదు. తల ఎత్తకుండా, "ఆయ్, ఏం లేదండి," అన్నాడు.

ఆయన కాళ్ళ దగ్గర స్టీలు డబ్బా ఉంది. ఆవిడకి ఆకలేస్తుందని పొద్దున మిగిలినవి ఆ కంగారులోనూ తెచ్చాడు. వాణి మూత తీసింది. పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు రెండు, మధ్యకి చీల్చి వెన్న పెట్టినవి. ఆకు రంగు అంటితే పైన అంటాలి. ఈ పచ్చ మరకలు లోపల, వెన్నలో ఉన్నాయి.

బుజ్జమ్మ ఇదివరకు వాడిన షుగరు మాత్రలు ఆకుపచ్చవి, చక్కెర ఎంతున్నా కిందికి లాగే రకం. పరీక్షలో చేరిన రోజున మాన్పించింది వాణే. ఆ రోజున సత్యదుర్గారావు ఒకే సంగతి రెండుసార్లు అడిగాడు, సగం పెట్టెల్లో ఉత్త మాత్రలుంటాయట నిజమేనా అని. నిజమే, ఏది ఎవరిదో డాక్టరుగారికీ తెలీదని చెప్పి తను సంతకం పెట్టించుకుంది. ఆయన మొహం వంక చూడలేదు.

వాణి స్టూలు దగ్గరకి లాక్కుంది. "పిన్నిగారూ, వెన్న చేదుగా లేదా?"

బుజ్జమ్మ మొగుడి వైపు చూసింది. "పది రోజులుగా చేదేనమ్మా. తెల్లారకుండా లేచి ఈనెలతో ఆకులు కుట్టుకుంటారు. చేదని ఎలా చెప్పను?" వాణి వైపు తిరిగి, "మాత్రే చేసిందని రాసెయ్. పెట్టె ఇచ్చేస్తాను," అంది.

"మరి కాలో?"

"ఉన్నన్నాళ్ళు ఉంటుంది."

ఆ మాటకి సత్యదుర్గారావు కండువా దించాడు.

"దీనిది ఉత్త పెట్టయితే ఏం చెయ్యనండి? పది రోజుల కిందట షుగరు నూట తొంభై చూపించింది. ఆ కట్టు మళ్ళీ చూడలేనండి. పాత మాత్రలు దాచినవున్నాయి. రోజుకొకటి నూరి వెన్నలో కలిపేను. నిన్నా తగ్గలేదని ఇవాళ రెండేసేను."

వాణి లేచి డాక్టరుగారికి ఆ ముక్క చెప్పి వచ్చింది. ఆకుపచ్చ మాత్ర జోరు తగ్గేదాకా, రేపటి వరకు, సీసా తియ్యొద్దన్నారాయన. తిరిగొచ్చి కాగితం ముందు పెట్టుకుంది.

"కారణం దగ్గర ఏం రాయమంటారు బాబాయిగారూ?"

బుజ్జమ్మ సూది లేని చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని వద్దన్నట్టు నొక్కింది. ఆయన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"సత్యదుర్గారావు అని రాయండమ్మా. ఆయ్, ఆవిడ మొగుడే."