అరగీత తేడా ఉన్న రసమట్టం

ఇంకొకరి చోట్లో కూర్చున్నానేమో అన్న అనుమానం టైల్స్ మేస్త్రీని పంతొమ్మిదేళ్ళుగా వదల్లేదు.

రోజూ పీడించేది కాదు. కొత్త గదిలో మొదటి టైలు పరిచేటప్పుడే వచ్చేది. మోకాళ్ళ మీద కూర్చుని, సిమెంటు సర్ది, టైలు పెట్టి, దాని మీద రసమట్టం ఆనించేవాడు. మూరెడు చెక్కబద్ద, మధ్యలో గాజు గొట్టం, గొట్టంలో చిన్న బుడగ. మంచి మట్టమైతే బుడగ రెండు గీతల నడుమ ఆగాలి. ఇది మాత్రం ఎడమ గీత వైపు అరగీత జరిగి ఆగేది. అలా ఆగితేనే నేల సమంగా ఉన్నట్టు. కొసన గీకిన బాణం గుర్తు కుడిచేతి వైపు ఉండాలి, అంతే షరతు.

తోటి పనివాళ్ళు గోడ మీద ఎర్రగీత వేసే మిషను పెట్టుకుని నవ్వేవాళ్ళు. “వెనక మర ఉంది కదయ్యా, అర చుట్టు తిప్పితే బుడగ మధ్యకి వస్తుంది. ఎందుకీ తిప్పలు?” అనేవాళ్ళు.

“నాది కాదు. మనది కానిదాన్ని మార్చే హక్కు మనకెక్కడిది?” అనేవాడు మేస్త్రీ. అతను పరిచిన నేల మీద ఎర్రగీత వేసి చూసినా వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. అందుకని నవ్వినవాళ్ళే చివరికి నోరు మూసుకునేవాళ్ళు.

సెలవు మీద ఊరికి వెళ్ళిన ప్రతిసారీ ఆ మట్టాన్ని పెట్టెలో బట్టల మధ్య పెట్టుకుని వెళ్ళేవాడు, మళ్ళీ తెచ్చుకునేవాడు. “ఈ బద్ద మన పిల్లాడి కంటే ఎక్కువసార్లు విమానం ఎక్కింది,” అనేది భార్య. అది వేరేవాళ్ళదని, తిరిగి ఇవ్వాలని మాత్రం ఆమెకి తెలుసు. ఎందుకు ఇవ్వడం లేదో తెలీదు.

ఆదివారాల్లో ప్రార్థన అయ్యాక మనవాళ్ళు పదిమంది ఒకచోట చేరితే మాట చివరికి అక్కడికే వచ్చేది. ఎవరు ఈ దేశానికి ఎందుకు వచ్చినట్టు? ప్లంబరు తన పెదనాన్న కొడుకు ఇక్కడున్నాడు కాబట్టి వచ్చాడు. వంటాయన భాష పరీక్ష లేదన్నారని వచ్చాడు. డ్రైవరు సంగతి మరీ విచిత్రం, రెండు దేశాలకి కాగితాలు పెడితే ఇక్కడి కవరు రెండు రోజులు ముందొచ్చింది. “పోస్టుమేన్ కాళ్ళు నొప్పిపుట్టి ఉంటే నేనిప్పుడు ఇంకో జెండాకి దణ్ణం పెడుతుండేవాణ్ణి,” అని నవ్వేవాడు. మేస్త్రీ వంతు వస్తే మాత్రం కబుర్లు పెద్దగా ఉండేవి. చట్టం గట్టిదనేవాడు, జీతం తేదీ తప్పదనేవాడు, పిల్లల చదువుకి డబ్బు కట్టక్కర్లేదనేవాడు. అన్నీ నిజాలే. కాకపోతే అవన్నీ వచ్చాక తెలిసిన నిజాలు.

ఆ ఆదివారం దేవుడి దగ్గర దీపం పెట్టి ఇటు తిరిగేసరికి ఫోన్ మోగింది. చెల్లెలి కూతురు. ఆరేళ్ళుగా ఆసుపత్రిలో నర్సు, ఒళ్ళు కాలినవాళ్ళ వార్డులో పని.

“మావయ్యా, రెండు ఆసుపత్రులు పిలిచాయి. ఒకటి మీ దేశంలో, ఇంకోటి ఆ చలి దేశంలో. గురువారంలోగా ఒకదానికి సంతకం పెట్టాలి.”

“జీతాలెలా ఉన్నాయి?”

“ఇంచుమించు ఒకటే. అక్కడైతే ఇంకో భాష నేర్చుకోవాలి, మంచు గడ్డకడుతుంది, తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. కానీ నా వార్డే నాకు ఇస్తామన్నారు. మీ దగ్గర ఏ వార్డులో వేస్తారో వచ్చాకే చెప్తారట.”

మేస్త్రీ భార్య ఫోన్ లాక్కుంది. “ఇందులో ఆలోచించడానికేముందే? గది ఖాళీగా ఉంది, మంచం ఉంది, వేడన్నం పెట్టడానికి నేనున్నాను. ఆ మంచులో జ్వరమొస్తే ఎవరు చూస్తారు నిన్ను?”

“అమ్మదీ అదే పాట అత్తయ్యా. అందుకే మావయ్యని అడుగుతున్నా. మావయ్యా, నువ్వు మట్టం చూడకుండా అడుగు కూడా వెయ్యవు కదా. అన్ని దేశాలుండగా ఈ దేశమే ఎందుకు ఎంచుకున్నావు? అది చెప్పు చాలు. అదే లెక్కన నేనూ చేస్తా. నువ్వు రమ్మంటే వచ్చేస్తా.”

ఒక్క మాట చాలు. పదిమందిలో చెప్పే కబుర్లే మళ్ళీ చెబితే పిల్ల వచ్చి పక్క గదిలో ఉంటుంది. పండగొస్తే ఇల్లు ఇల్లులా ఉంటుంది. మేస్త్రీకి ఆ కోరిక లేకపోలేదు, గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఈసారి వినేది ప్లంబరూ డ్రైవరూ కాదు. తను చెప్పిన మాట మీద ఒక మనిషి బతుకంతా నిలబెట్టుకుంటుంది.

“రేపు చెప్తా తల్లీ,” అని పెట్టేశాడు.

“ఊరందరికీ ఉపన్యాసాలిస్తారు, సొంత మేనకోడలికి నోరు రాలేదా?” అంది భార్య.

“ఆ ఉపన్యాసాలు ఉత్తవే,” అన్నాడు మేస్త్రీ. ఆ రోజు మొదటిసారి జరిగింది జరిగినట్టు చెప్పాడు.

పంతొమ్మిదేళ్ళ కిందట పని పరీక్ష పెట్టింది, విదేశాలకి మనుషుల్ని పంపే ఒక ఆఫీసు వెనక పెరట్లో. మూడు రేకుల షెడ్లు, మూడు దేశాల కంపెనీలు, మూడు లైన్లు. టైల్స్ వేసి చూపిస్తే అక్కడికక్కడే ఎంపిక. మేస్త్రీ రెండో లైను కోసం వచ్చాడు. తోడల్లుడు, అంటే భార్య అక్క మొగుడు, అప్పటికే ఆ దేశంలో ఉన్నాడు. అక్కాచెల్లెళ్ళు ఒకచోట ఉంటారని ఇంట్లో అందరూ అనుకున్న మాట. తీరా సంచి విప్పి చూస్తే బస్సు కుదుపులకి అతని మట్టం గాజు పగిలి ఉంది. మట్టం లేకుండా పరీక్ష లేదు.

రెండో లైన్లో అడిగితే ఎవరూ ఇవ్వలేదు. మూడో లైన్లో గళ్ళ చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకడు జాలిపడ్డాడు. “ఇస్తా గానీ, ఇది నా కంటి ముందు నుంచి కదలకూడదు. ఆ లైనుకి తీసుకెళ్తానంటే కుదరదు. వచ్చి నా ముందు నిలబడు, నీ పని అవగానే చేతికివ్వు. అరగంట పని,” అన్నాడు. పనిముట్టు మీద అలాంటి మమకారం ఉన్నవాణ్ణి ఇంకో పనివాడు తప్పుపట్టలేడు. మేస్త్రీ వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు. అలా లైను మారింది, దేశం మారింది.

“ఇది అరగీత అబద్ధమాడుతుంది, ఎడమకి. బాణం కుడివైపు ఉంచు,” అని చెప్పి మరీ ఇచ్చాడు పెద్దాయన.

నేల అద్దంలా వచ్చింది. కంపెనీవాళ్ళు చూశారు, తలూపారు, కాగితాల గదిలోకి తోసేశారు. మట్టం చేతిలోనే ఉండిపోయింది. లోపల వేలిముద్రలేస్తుంటే బయట కేక వినపడింది. “మూడో లైను అయిపోయింది, ఇంక మనుషులక్కర్లేదు!” ఆఖరి మనిషి తనే. గంట తర్వాత బయటికొస్తే గళ్ళ చొక్కా ఎక్కడా లేదు.

భార్య లేచి వంటింట్లోకి వెళ్ళింది. తర్వాత గిన్నెలు మాట్లాడాయి. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

“పంతొమ్మిదేళ్ళు! మా అక్క అడిగినప్పుడల్లా ఏం చెప్పాను? ఆ లైను నిండిపోయిందట అక్కా, మావారేం చేస్తారూ అని. ఒక చెక్కముక్క కోసమా నేను మా అక్కకి దూరమైంది?”

“అవును.”

“అవునట! కనీసం బొంకనైనా బొంకరు.” చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. “నా సంగతి తర్వాత తేల్చుకుంటా. ఆ మనిషి ఏమయ్యాడు? పిల్లలున్నారో, ఆ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నాడో. కనుక్కోవాలని ఒక్కసారైనా అనిపించలేదా?”

“అనిపించింది. ఏం వినాల్సి వస్తుందోనని వెళ్ళలేదు.” మేస్త్రీ దేవుడి పటం వైపు చూశాడు. “నన్ను ఇక్కడికి దేవుడే పంపాడని సర్దిచెప్పుకున్నా.”

“మిమ్మల్ని పంపడానికి ఆ మనిషిని లైన్లోంచి గెంటేశాడా దేవుడు? మీరు చేసింది ఆయన మీద పెట్టకండి.” గొంతు తగ్గించి అంది. “పిల్లకి ఇదే చెప్పండి. కబుర్లొద్దు.”

మర్నాడు మేస్త్రీ చెప్పాడు. మేనకోడలు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. “అంటే బద్ద పిలిస్తే వెళ్ళావా మావయ్యా? ఇన్నాళ్ళూ నువ్వు దేశాలన్నీ తూకం వేసి వెళ్ళావనుకున్నా!”

“తూకం వెయ్యలేదు. వచ్చాక మాత్రం నేల సరిచేసుకున్నా. ఇక్కడ బాగానే బతికాం, అది అబద్ధం కాదు. అది ఈ దేశం గొప్పా, మా కష్టమా, దేవుడి దయా అంటే విడదీసి చెప్పలేను. కాబట్టి నా లెక్క నీకు పనికిరాదమ్మా. నీ లెక్క నువ్వు చూసుకో.”

అవతల మేనకోడలు కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

“అయితే నేను చలి దేశానికే వెళ్తా. కాలిన ఒంటికి కట్టు కట్టడం నా చేతికి వచ్చిన పని. తెలిసిన మనుషులు లేకపోతే పోనీ, తెలిసిన పని ఉంది. అత్తయ్యా, కోపమా?”

“కోపమే. ఉన్ని బట్టలు కొనుక్కో,” అంది అత్తయ్య, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

“ఇంకో మాట మావయ్యా. నా కాగితాలు చూసేదీ ఆ ఆఫీసే. వెనక ఆ రేకుల షెడ్లు ఇంకా ఉన్నాయి. నువ్వు భయపడితే భయపడు, నేను అడిగొస్తా.”

గురువారం సంతకం పెట్టి బయటికి రాగానే ఫోన్ చేసింది. “కూర్చున్నావా? కూర్చో. నీ గళ్ళ చొక్కాయన దొరికాడు, అరగీత మేస్త్రీ అంటే ఇక్కడ కుక్కపిల్లక్కూడా తెలుసు. వెళ్ళేవాళ్ళకి టైల్స్ పని నేర్పేది ఆయనే. నీ సంగతి మొత్తం చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు.”

“ఏమని?”

“మట్టం ఉందా అని.”

రెండు నెలలకి, మేనకోడల్ని విమానం ఎక్కించడానికి మేస్త్రీ, భార్య సెలవు పెట్టి వచ్చారు. మేనకోడలు బయల్దేరడానికి ముందు రోజు పొద్దున్నే ముగ్గురూ ఆ పెరట్లోకి నడిచారు. షెడ్ల రేకులు మారాయి, లైన్లు అలాగే ఉన్నాయి. మధ్య షెడ్డులో ఒక ముసలాయన పీట మీద కూర్చుని, టైలు పరుస్తున్నవాడి మీద కేకలేస్తున్నాడు. “గట్టిగా కొట్టకు నాయనా, అదేమన్నా నీ అప్పులవాడా?”

మేస్త్రీ ఎదురుగా నిలబడ్డాడు. మట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకి చాపాడు.

ముసలాయన దాన్ని చూశాడు, తర్వాత మనిషిని చూశాడు. “నేను వాడుకోమన్నది అరగంట.”

“తప్పైపోయింది పెద్దాయనా. మీ చోటు నేను లాక్కున్నాను. ఆ దేశం మీది.”

“ఏ దేశం? ఓ, అదా!” అని చెయ్యి విసిరేశాడు. “ఆ లైను కట్టేస్తే పక్క లైన్లో నిలబడ్డా. ముందున్నాయన్ని బతిమాలి మట్టం తీసుకున్నా. ఆయనది ఆయనకి అక్కడే ఇచ్చేశా, నీలాగ కాదు. రెండో షెడ్డు దేశంలో పన్నెండేళ్ళు చేశా. మొదటి రెండేళ్ళు ఎండకి చచ్చా, రోజూ నిన్ను తిట్టుకున్నా. తర్వాత కుదురుకుంది. ఇద్దరాడపిల్లల్ని చదివించా, ఇల్లు కట్టా.”

“అయితే మా అక్క ఉన్న దేశానికి వెళ్ళింది మీరా!” అంది మేస్త్రీ భార్య.

“ఎవరమ్మా మీ అక్క? ఈసారి వెళ్తే అడిగానని చెప్పు.” ఆమెకి నవ్వాగలేదు. ముసలాయన మేస్త్రీ వైపు తిరిగాడు. “నాకు కోపం దేశం పోయినందుకనుకున్నావా? దేశాలు మూడు షెడ్లలో మూడున్నాయి. చేతికి అలవాటైన మట్టం నాకు ఒక్కటే ఉండేది. తర్వాత నాలుగు కొన్నా, అన్నీ నిజమే చెప్పాయి. ఒక్కదానితోనూ నాకు పొత్తు కుదర్లేదు.”

మట్టాన్ని తీసుకుని, అప్పుడే పరిచిన టైలు మీద పెట్టాడు. బాణం గుర్తు కుడివైపుకి తిప్పుకున్నాడు. బుడగ కదిలింది, ఎడమ గీత వైపు అరగీత జరిగి ఆగింది. కొస మార్చి మళ్ళీ చూశాడు. ఈసారి అటువైపు అరగీత.

“వెనక మర ఉంది. బాగు చెయ్యలేదే?”

“నాది కాదుగా.”

ముసలాయన చొక్కా అంచుతో గాజుని తుడిచాడు. పక్కనున్న పనిముట్ల సంచి దగ్గరికి లాక్కున్నాడు. తాపీలు, సుత్తులు నిండిన ఆ సంచికి పొడుగాటి జేబొకటి ఖాళీగా ఉంది. మట్టం అందులోకి కొలిచి కుట్టినట్టు దిగింది. పైన బొత్తాం పెట్టి, అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

“ముట్టింది,” అన్నాడు.