పొట్టలో వేసిన ముడి

నేను ఒక నీడిల్ హోల్డర్‌ని. మూరెడు పొడవు, పెన్సిలంత సన్నం, కొసన చిన్న దవడలు. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్లలో వంకర సూదిని పట్టుకుని లోపల కుట్లు వేయడం నా పని. డాక్టర్ చెయ్యి బయట, నేను లోపల, చూపు టీవీ తెర మీద. చెయ్యి కుడికి జరిపితే నేను ఎడమకు పోతాను. ఎంత చదివినవాళ్ళకైనా మొదట్లో నాతో వేగడం కష్టమే.

నన్ను చేసిన కార్ఖానాలో ఒకాయన నా దవడల మధ్య తల వెంట్రుక పెట్టి లాగి చూశాడు. జారలేదు. అక్కడినుంచి కాకినాడలో ఒక ఆసుపత్రికి వచ్చి, డాక్టర్ హిమజ చేతిలో పడ్డాను. మేక పేగుల మీద నెలల తరబడి ముడులు వేసి నేర్చుకున్న పిల్ల.

ఆమె పైన పెద్ద డాక్టర్ వీరభద్రంగారు. పొట్ట తెరిచి చేసే ఆపరేషన్లలో చెయ్యి తిరిగిన మనిషి. నేనంటే మాత్రం ఆయనకు ఒళ్ళుమంట. "వేలికి తగలని ముడి కూడా ఓ ముడేనా?" అనేవారు.

ఓ పొద్దున పెళ్ళిళ్ళలో సన్నాయి ఊదే గంగరాజును తీసుకొచ్చారు. అల్సర్ ముదిరి పేగుకు చిల్లు పడింది. నొప్పితో మెలికలు తిరుగుతూనే, "అమ్మగోరూ, పొట్ట నిలువునా కోసేత్తే మళ్ళీ ఊదగలనాండీ? నా ఊపిరంతా అక్కడే ఉందండి!" అన్నాడు. చిన్న రంధ్రాలతోనే చేస్తానంది హిమజ.

"సరే. ముడి నిలవకపోతే మాత్రం కోసేస్తాను" అని వీరభద్రంగారు పక్కన నిలబడ్డారు.

కుట్టు మొదలయ్యేముందు, "దారం పొడుగ్గా ఉంచమ్మా, ముడికి చాలద్దూ?" అన్నారు. చేత్తో వేసే ముడికి అది నిజమే. నేనుండే ఇరుకులో జానెడు దాటితే చిక్కే. హిమజకు అది తెలుసు. తెలిసీ పెద్దాయన మాట కాదనలేక ఊరుకుంది. మర్యాదను గుమ్మం బయట విడిచి రావడం మనుషులకు చేతకాదు. అనుకున్నంతా అయింది. దారం పేగుల మీద పడి, నాకు చుట్టుకుని, పిల్లి ఆడుకున్న నూలుండలా తయారైంది.

"కత్తి ఇవ్వండి సిస్టర్" అన్నారు వీరభద్రంగారు.

"ఒక్క నిమిషం సార్! దారం పొడుగైందండి. తగ్గించి మళ్ళీ వేస్తాను." హిమజ చిక్కుపడ్డ దారాన్ని తెంపి బయటికి లాగేసింది.

కొత్త దారం జానెడు లోపే కత్తిరించింది. చిల్లుకు రెండు పక్కలా సూది దింపి, దారాన్ని నా చుట్టూ తిప్పింది. నేను పొట్టి కొసను అందుకున్నాను. గట్టిగా లాగితే మెత్తబడ్డ పేగు చీలుతుంది, వదిలేస్తే కారుతుంది. మెల్లగా బిగించింది. రెండో ముడి దానికి ఎదురుగా, మూడోది మళ్ళీ ఇటు. నీళ్ళు పోసి, లోపలికి గాలి పంపి చూశారు. ఒక్క బుడగ రాలేదు. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది! వీరభద్రంగారు గ్లౌజులు విప్పుకుంటూ బయటికి నడిచారు. గంగరాజు కోలుకుని, పెళ్ళిళ్ళ సీజను దాటకుండానే సన్నాయి పట్టాడు.

ఏడాది తిరిగేసరికి నా దవడలు అరిగాయి. తుక్కులో వేస్తారనుకున్నాను. కొత్తవాళ్ళు నేర్చుకునే గదికి పంపారు. మొన్న సాయంత్రం అక్కడ ఓ కొత్త విద్యార్థి చేతిలో పడ్డాను. చూద్దును కదా, వీరభద్రంగారు! హిమజ పక్కన కూర్చుంది. ఆయన వేసిన మొదటి ముడి జారింది, రెండోదీ జారింది.

ఆయన తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగారు: "ఇంతకీ దారం ఎంత ఉంచమంటావమ్మా?"