కెంపమ్మ చేతులు

చింతామణి ఊరు దాటాక కొండ కింద ఉన్న ఆశ్రమానికి నయన బిడ్డను చంకనేసుకొని వచ్చింది. బిడ్డ నిద్రలో ఉలిక్కిపడుతున్నాడని, స్వాములోరి చేత దారం కట్టించుకొస్తానని ఇంట్లో చెప్పింది. నిజానికి బిడ్డ హాయిగానే నిద్రపోతున్నాడు. నిద్ర లేనిది తనకు.

పదిహేను రోజుల కిందట, అత్తగారి ఊరు దిబ్బూరహళ్ళిలో వాళ్ళ పట్టుపురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. పురుగు పొర విడవడానికి పడుకుంటే అక్కడ జ్వరమంటారు. ఇంకో వారంలో గూళ్ళు కట్టాలి. ఆ సాయంత్రం బిడ్డ ఒంటినిండా దోమకాట్లు చూసి నయన ఆగలేకపోయింది. పురుగులు పెంచే ఇంటికి ఆనుకున్న గదిలో దోమలచుట్ట వెలిగించింది. ఆ పొగ పురుగులకు విషమని ఆ ఇంట్లో దాన్ని గడప దాటనివ్వరు. నాగరగెరె పుట్టింటి నుంచి బట్టల్లో దాచి తెచ్చుకుంది. మధ్యలో గోడ ఉంది కదా అనుకుంది. ఆ గోడ పెంకుల దాకా లేదన్న సంగతి తట్టలేదు. తెల్లారేసరికి పురుగులు పచ్చనీళ్ళు కక్కి, తట్టల నిండా చచ్చి పడున్నాయి.

అత్త యశోదమ్మ, పురుగులకు ఆకు కోసి వేసే కూలిమనిషి కెంపమ్మ మీద పడింది. "పొగాకు నమిలిన చేత్తో ఆకేసినావు! మా పురుగుల్ని మింగేసినావు గదే!" పొగాకు తగిలితే పురుగు బతకదని ఆ ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. వీధిలో అందరి ముందర కెంపమ్మ తన చేతులకేసి చూసుకుంటూ నిలబడింది. వసారాలో బిడ్డకు పాలిస్తున్న నయన కొంగు ఇంకాస్త కిందికి లాక్కుంది. అప్పట్నుంచి ఊళ్ళో ఎవరూ కెంపమ్మను కూలికి పిలవలేదు.

స్వాములోరు అరుగు మీద అనపకాయలు ఒలుస్తున్నారు.

"ఏమమ్మా, బిడ్డకా దారం?"

"గాదు స్వామీ. మా పక్కింటామె ఒక తప్పు చేసింది. ఎవరికీ చెప్పకుండానే ఆ దోషం పోవాలంటే ఏం చెయ్యాల? ఎన్ని శనివారాలైనా పస్తుంటాది."

"పస్తు ఆమె ఉంటాదా, నువ్వుంటావా?"

నయనకు చెవులు కాలిపోయాయి.

"సరే. ఆమె చేసిందానికి దెబ్బ ఎవరికి తగిలింది?"

జవాబు నోట్లోకి రాకముందే వంటింట్లోంచి చేట పట్టుకొని కెంపమ్మ వచ్చింది.

"అయ్యో నయనమ్మా! బిడ్డనెత్తుకొని ఇంత దూరం వచ్చినావా? ఇట్లియ్యి." చాచిన చేతులు సగంలోనే ఆగాయి. కుళాయి దగ్గరికి పోయి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కొని వచ్చి బిడ్డను ఎత్తుకుంది. "పొగాకు వదిలేసినానమ్మా. స్వాములోరి ముందర ఒట్టేసినా. నలభై ఏండ్ల అలవాటు. మీ పురుగులు కండ్ల ముందరే ఆడతాండాయి. అంత పాపం చేసినాక ఇంకేం నమిలేది? కూలికి యాడా పిలవరు, ఈడ కూరగాయలు తరుగుతాండా."

బిడ్డ ఆ తడి వేలు పట్టుకొని నోట్లో పెట్టుకున్నాడు.

స్వాములోరు ఆమెనూ ఈమెనూ చూశారు. కాయలు ఒలవడం ఆపేశారు.

"కెంపక్కా, పురుగుల్ని నువ్వు చంపలేదు." నయనకు తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "పక్క గదిలో దోమలచుట్ట నేనే ఎలిగించినా. అత్త నిన్ను తిడతాంటే అంతా విన్నా. నోరెత్తలేదు."

కెంపమ్మ బిడ్డ నోట్లోంచి వేలు తీసేసుకుంది.

"ఈ చేతుల్ని చర్మం లేచిపోయేటట్టు దినామూ కడుగుతాండానే తల్లీ," అంది. బిడ్డను నయన చేతుల్లో పెట్టేసింది.

నయన స్వాములోరి కాళ్ళ మీద పడబోతే ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. "నాకెందుకమ్మా? పురుగులు నావి గావు. మాట పడిందీ నేను గాదు."

"నన్నేం చెయ్యమంటారు స్వామీ?"

"నీకు తెల్సు. తెల్దన్నావంటే మళ్ళా పక్కింటామె వస్తాది."

నయన కెంపమ్మ వైపు తిరిగింది. "ఇంటికి పోదాం రా అక్కా. నీ ముందరే అత్తకు చెప్తా."

"నేను రాను. నువ్వు చెప్పు. ఆయమ్మ వచ్చి పిలిస్తే అప్పుడు వస్తా."

బస్సు దిగేదాకా ఆగితే నోరు మళ్ళీ మూతపడుతుందని నయనకు తెలుసు. అక్కడే సెల్ తీసి ఫోను చేసింది.

"ఏమ్మా, దారం కట్టించినావా?" అంది యశోదమ్మ. "బిడ్డ ఎట్లుండాడు?"

"బిడ్డ బాగుండాడత్తా. ఎప్పుడూ బాగానే ఉండాడు." నయన స్పీకరు నొక్కింది. కెంపమ్మ అటు తిరిగి కూర్చొని అనపకాయ పట్టుకుంది. వేళ్ళు మాత్రం కదలడం లేదు.

"అత్తా, మామను గూడా పిలువు. ఇద్దరూ వినాల."